ఒరగల్లు ఎక్కని నాణెం

మారికుప్పం,
22 సెప్టెంబరు 2024

ప్రియమైన చెవిటి శ్రీకంఠయ్యకు,

ఫోనులో నీకు సగం వినబడదు, వినబడిన సగం నచ్చదు. కాబట్టి ఎప్పటిలాగే జాబు రాస్తున్నాను. ఇది మాత్రం పోస్టులో రావడం లేదు. మీ అబ్బాయి చేతన్ ఏదో పని మీద రాబర్ట్‌సన్‌పేట వచ్చాడు, వాడి చేతికే ఇస్తున్నాను. దీనితో పాటు ఒక నీలం రంగు పెట్టె కూడా ఇచ్చాను. ముందు జాబు చదువు, తర్వాత పెట్టె ముట్టుకో.

జనవరి ఇరవై ఆరుకు మన గణతంత్రానికి డెబ్బై అయిదేళ్ళు నిండుతాయి కదా. ఆ గుర్తుగా మా పాత బంగారు గని కార్మికుల సంఘం బెంగుళూరులో నాణేలు వేయించింది. వెండివి వంద, బంగారంది ఒక్కటే. ఒక వైపు మనుషుల్ని గనిలోకి దింపే చక్రాల గోపురం, రెండో వైపు డెబ్బై అయిదు అంకె. ఆ బంగారు నాణెం ఎవరికివ్వాలని సంఘంలో మూడు మీటింగుల పాటు రభస జరిగింది. ఎమ్మెల్యేకన్నారు, ఎంపీకన్నారు. నేను బల్ల గుద్ది చెప్పాను, భూమి కింద పనిచేసి ఇంకా బతికున్న వాళ్ళలో పెద్దాయనకే ఇవ్వాలని. చివరికి ఒప్పుకున్నారు. ఆయన పేరు దొడ్డమునియప్ప, ఊరు క్యాసంబళ్ళి.

అప్పటిదాకా ఆ నాణెం నీ ఇనప్పెట్టెలో ఉండాలి. మా క్వార్టరు తలుపును నేనే ఒక తన్ను తన్ని తెరుస్తుంటాను, దాన్ని నమ్మలేం. నాణెం గాజులాంటి డబ్బీలో సీలు వేసి ఉంది. సీలు తీయకు. అద్దంలా మెరుగు పెట్టిన నాణెం అది, వేలు తగిలినా మచ్చ పడుతుందట. అవసరం పడితే తొడుక్కోవడానికి తెల్ల గుడ్డ తొడుగులు కూడా ఇచ్చారు, పెట్టెలో ఉన్నాయి. నీ చేతులు నాకు తెలుసు కాబట్టి మళ్ళీ చెబుతున్నాను, సీలు తీయకు.

నాగరత్నమ్మకు నమస్కారాలు.

నీ
కేశవ

*

ముళబాగిలు,
29 సెప్టెంబరు 2024

ఒరే కేశవా,

పెట్టె అందింది. నలభై అయిదేళ్ళుగా బజారులో బంగారం అంగడి నడుపుతున్న వాడికి బంగారాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పి, పైగా చేతి తొడుగులు పంపావు. నాగరత్న అవి చూసి, "యాడికి పోతాండారు, పెండ్లికొడుకు వేషానికా?" అని పడీ పడీ నవ్వింది. తొడుగులు తనకిచ్చేశాను. పొయ్యి మీద గిన్నెలు దించడానికి పనికొస్తున్నాయి.

నాణెం బాగుంది. డబ్బీలోంచి చూసినంత వరకు చాలా బాగుంది. ఆ గోపురం మీద చక్రాల ఆకులు కూడా లెక్కపెట్టవచ్చు. చెక్కిన వాడెవడో చెయ్యి తిరిగిన వాడే.

కాని నీతో ఒక మాట చెప్పాలి. ఒరగల్లు ఎక్కని బంగారం పెట్టెలో నిద్ర చేయకూడదని మా నాయన నియమం. ఎవరు తెచ్చినా, ఎంత నమ్మకస్థుడు తెచ్చినా, రాతి మీద ఒక గీత గీసి, వన్నె చూసి, ఆ తర్వాతే లోపల పెట్టేవాడు. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గొలుసును కూడా గీసి చూశాడట. దానికి ఆమె వారం రోజులు మాట్లాడలేదట. నేనూ ఇన్నేళ్ళు ఆ నియమం తప్పలేదు. నీకోసం మొదటిసారి తప్పుతున్నాను. రోజూ అంగడి మూసేటప్పుడు ఆ నీలం పెట్టె కనబడుతుంది, ఇంటికి పిలిచిన చుట్టానికి అన్నం పెట్టకుండా పడుకోమన్నట్టు ఉంటుంది.

చేతన్ కొత్తగా బంగారం చూసే మిషను కొన్నాడు. గీత అక్కర్లేదు, రాయి అక్కర్లేదు, లోపల పెడితే లైటు వేసి వన్నె చెబుతుంది. వాడు దాన్ని రోజూ తుడుస్తాడు, నేను రోజూ దాని వంక చూడకుండా పోతాను.

ఇంతకీ ఆ దొడ్డమునియప్ప ఎవరు? ఎంపీని కాదని నీ చేత బల్ల గుద్దించిన మనిషి గురించి నాలుగు ముక్కలు రాయి.

నీ
శ్రీకంఠయ్య

*

మారికుప్పం,
6 అక్టోబరు 2024

శ్రీకంఠూ,

నిన్న క్యాసంబళ్ళి వెళ్ళి ఆయన్ను చూసి వచ్చాను. అందుకే జవాబు ఆలస్యం.

ఎనభై ఆరేళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళు గనిలో దిగాడు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము చేరి నాలుగు మాటలకొకసారి దగ్గు వస్తుంది. అయినా ఆవుల దగ్గర పేడ తనే ఎత్తుతాడు. కూతురు హనుమక్క వద్దని కేకలేస్తుంటే, "నువ్వు అరిస్తే ఆవు బెదురుతాది, సుమ్నె ఉండమ్మా" అంటాడు.

ఆయన పని ఏమిటో తెలుసా? మందు పేల్చిన తర్వాత అందరికంటే ముందు లోపలికి పోయేవాడు. పొడవాటి ఇనప గడ్డపారతో పైకప్పు రాతిని కొట్టి చప్పుడు వినేవాడు. గట్టి రాయైతే గంటలా మోగుతుంది, పగిలిన రాయైతే పాత కుండలా బొదబొదమంటుంది. మోగితే మనుషుల్ని పిలుస్తాడు, మోగకపోతే పిలవడు. మేస్త్రీలు తొందరపెట్టినా, షిఫ్టు బాసు తిట్టినా ఆయన తట్టి చూడని కప్పు కింద ఒక్క మనిషిని నిలబెట్టలేదు. ఆయన గ్యాంగులో పనిచేసిన ముప్పై ఒక్క మందీ తమ కాళ్ళతో నడిచే రిటైరయ్యారు. ఆ గనిలో అది మామూలు సంగతి కాదురా. నేను ఆయన ముందు కూర్చుని ఆ చెవుల వంకే చూస్తూ ఉండిపోయాను.

ఇంకో సంగతి. అన్నేళ్ళు బంగారు గనిలో పనిచేసిన ఆ మనిషి బంగారాన్ని చేత్తో పట్టుకోలేదు. మన గనుల రాతిలో బంగారం కంటికి కనబడదు, నీకు తెలియనిది కాదు. నల్లటి రాయి పైకి పోతుంది, మిల్లులో పిండి అవుతుంది, ఎక్కడో కరుగుతుంది. తవ్విన వాడు పైకొచ్చి గేటు దగ్గర సోదా ఇచ్చి ఇంటికి పోతాడు. ఆయన భార్య మెడలో పసుపు కొమ్ముతోనే పోయిందట.

ఆయనకు నేను మాట ఇచ్చాను. "ఇంతవరకు ఎవరి చెయ్యీ పడని బంగారం నీ చేతిలో పెడతానప్పా" అని. ఆయన తలూపాడు. 

ఈ ఒక్క పని సరిగ్గా జరగాలి శ్రీకంఠూ. నేను పుట్టాక చేసిన పనుల్లో ఇదొక్కటైనా మచ్చ లేకుండా జరగాలి. ఎందుకని అడగకు.

కేశవ

*

ముళబాగిలు,
21 అక్టోబరు 2024

మిత్రులు కేశవ గారికి,

మీరు రాసిన జాబు అందినది. దొడ్డమునియప్ప గారి గురించి చదివి చాలా సంతోషించాము. మహానుభావులు.

ఇక్కడ అందరం క్షేమం. ఆయుధపూజ బాగా జరిగింది. నాణెం భద్రంగా ఉన్నది.

పెద్దాయనకు చూపు ఎలా ఉన్నది? దగ్గరి వస్తువులు స్పష్టంగా కనబడతాయా? తీరిక ఉన్నప్పుడు తెలియజేయగలరు.

ఇట్లు,
శ్రీకంఠయ్య

కేశవన్నా, నేను నాగరత్నను. ఈయన పది దినాలుగా సరిగ్గా తినడం లేదు. అడిగితే చెవి వినబడనట్టు నటిస్తున్నాడు. నీకేమన్నా తెలుసా?

*

మారికుప్పం,
28 అక్టోబరు 2024

శ్రీకంఠయ్యా,

మూడో క్లాసు నుంచి నన్ను ఒరే, రేయ్ అన్నవాడివి. ఈ రోజు 'గారు' అన్నావు, 'తెలియజేయగలరు' అన్నావు. నువ్వు లెక్కల మేస్టరు బెత్తం విరగ్గొట్టిన రోజు కూడా ఆయనకు ఇంత మర్యాదగానే నమస్కారం పెట్టావు.

ఏం చేశావు?

కేశవ

*

ముళబాగిలు,
4 నవంబరు 2024

కేశవా,

చేశాను.

ఆయుధపూజ రోజు తరాజు, సుత్తులు, ఒరగల్లు అన్నీ కడిగి, పీట మీద వరసగా పెట్టి, పసుపు కుంకుమ పెట్టాం. పెట్టెలో ఉన్న బంగారమంతా పక్కన పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. నీ నీలం పెట్టె కూడా తెచ్చి పెట్టాను. నాగరత్న కుంకుమ గిన్నెతో వరసగా వస్తూ, దాని దగ్గర ఆగి, "ప్లాస్టిక్ మీద బొట్టు పెడితే బంగారానికి పెట్టినట్టా?" అంది. మామూలుగా అన్న మాటే అది, తన తప్పేమీ లేదు. ఒక్క చిటికెడు బొట్టు పెట్టి మూసేద్దామని నేనే సీలు తీశాను.

బొట్టు పెట్టాను. నాణెం వేళ్ళ మధ్యన ఉంది. ఎదురుగా కడిగిన ఒరగల్లు నల్లగా మెరుస్తూ ఉంది. చెయ్యి తనంతట తానే పోయిందని నీకు చెప్పవచ్చు, కాని అది అబద్ధం. ఇరవై రోజులుగా నేను ఆ గీత కోసం గింజుకుంటున్నాను. నీ మీద నమ్మకం లేక కాదు. నిన్ను నమ్మాను, నాణేన్ని నమ్మలేదు. ఆ బెంగుళూరు వాడెవడో నాకు తెలియదు. వాడు సీలు వేసి ఇచ్చాడు కాబట్టి బంగారమని నువ్వు అనుకున్నావు, నువ్వు అన్నావు కాబట్టి నేను అనుకోవాలి. అలా అనుకోవడం నాకు చేత కాలేదు. అంచు పట్టుకుని ఒక గీత గీశాను.

బంగారం మంచిది. వంక పెట్టడానికి లేదు.

కాని గోపురం కింద అంచు గోరంత మేర మొద్దుబారింది, అక్కడ మెరుగు పోయింది. నా బొటనవేలి ముద్ర, దాని మీద కుంకుమ జిడ్డు, అద్దంలాంటి ఆ వైపు మీద చక్కగా పడింది. గుడ్డతో తుడిస్తే సన్నటి గీతలు పడ్డాయి. చేతన్ చూసి, "మిషన్లో పెట్టుంటే డబ్బీ కూడా తెరిచే పని ఉండేది కాదు కద నాన్నా" అన్నాడు. వాణ్ణి తిట్టాను. వాడు అన్నది నిజం కాబట్టే తిట్టాను.

ఎవరి చెయ్యీ పడని బంగారమని నువ్వు మాట ఇచ్చిన నాణెం మీద నా చెయ్యి పడింది. నన్ను ఏమన్నా పడతాను.

శ్రీకంఠయ్య

*

మారికుప్పం,
11 నవంబరు 2024

శ్రీకంఠయ్యా,

నీ జాబు వచ్చి మూడు రోజులైంది. మొదటి రెండు రోజులు రాసినవి చింపేశాను, నాగరత్నమ్మ చదివితే బాగుండదు.

నీకు ఒక్కటే చెప్పాను. ఒక్కటే. చిన్న పిల్లలకు చెప్పినట్టు రెండుసార్లు చెప్పాను. నీకు మీ నాయన నియమం గొప్పది, నా మాట గొప్పది కాదు. రేపు వేదిక మీద ఆయన ఆ నాణెం తిప్పి చూసుకుని, ఇదేమప్పా వాడిన నాణెం ఇచ్చినావే అంటే నేనేం చెప్పాలి?

ఇప్పుడు చెయ్యాల్సింది రాస్తున్నాను. చేతన్ దగ్గర మెరుగు పెట్టే చక్రం ఉంది కదా. గీతలు పోయేదాకా పట్టించు. బెంగుళూరు నుంచి అలాంటి సీలే ఒకటి నేను తెప్పిస్తాను. అతికించేద్దాం. మనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన చూపు మందమే, నువ్వు అడిగావు కదా.

కేశవ

*

ముళబాగిలు,
19 డిసెంబరు 2024

కేశవా,

నెల దాటింది, జవాబు రాయలేదు. కోపం వల్ల కాదు, నువ్వు అడిగింది నువ్వే అడిగావని నమ్మడానికి ఇన్ని రోజులు పట్టింది. గని రాతిలో బంగారం పాలు తేల్చే అస్సే ఆఫీసులో కూర్చుని, రాతి పొడిని సీసంతో కరిగించి, ఎముకల బూడిద గిన్నెలో కాల్చి, చివరికి మిగిలిన ఆవగింజంత బంగారాన్ని ఊపిరి బిగబట్టి తూచిన వాడివి. తరాజు పక్కన ఎవరైనా తుమ్మితే మళ్ళీ మొదటి నుంచి చేసేవాణ్ణని నువ్వే చెప్పేవాడివి. ఆ నువ్వు నన్ను మెరుగు పట్టించమన్నావు. చక్రం పెడితే గీతతో పాటు బంగారం కూడా పోతుంది. ఆ పెద్దాయన బంగారాన్ని ఆయనకు తెలియకుండా గీకి, పైన దొంగ సీలు వేయమంటావా? తప్పు చేశానురా, ఒప్పుకుంటాను. దాని మీద దొంగతనం చేయలేను.

అందుకని నిన్న ఆయన దగ్గరికే వెళ్ళాను. నీకు చెప్పకుండా వెళ్ళాను. సంచిలో నాణెం, దాంతో పాటు ఒరగల్లు. ఆయుధపూజ రోజు గీసిన గీత దాని మీద అలాగే ఉంది. మామూలుగా పొద్దు గూకే లోపల మైనంతో అద్ది రాయి శుభ్రం చేస్తాం, ఈ ఒక్కదాన్ని మాత్రం తీయడానికి చెయ్యి రాలేదు. ఇన్ని రోజులుగా ఇంకో రాయి వాడుతున్నాను.

క్యాసంబళ్ళిలో దిగి ఇల్లు అడిగితే ఒక పిల్ల చూపించింది. ఆయన ఎండలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. హనుమక్క రాగి అంబలి ఇచ్చింది. తాగి, అలవాటు కొద్దీ ఒక చిటికెడు ముక్కుపొడి పీల్చాను. ఎవరు, ఏ ఊరు అని ఆయన అడిగాడు. అన్నీ చెప్పాను. నియమం, పూజ, బొట్టు, గీత, ఏదీ దాచలేదు. హనుమక్క ముఖం మాడిపోయింది. "మా నాయనకు వచ్చే ఒక్క వస్తువును కూడా వాడి పెట్టినారా?" అంది. 

ఆయన మాత్రం చెయ్యెత్తి ఆమెను ఆపాడు. దగ్గు తగ్గేదాకా ఆగి, "రుద్దితే ఏం తెలిసిందప్పా?" అన్నాడు.

"మంచి బంగారమని తెలిసినాది" అన్నాను.

"రుద్దకుండా ఉంటే?"

"తెలిసుండదు."

 ఆయన నవ్వాడు. పళ్ళు మూడో నాలుగో ఉన్నాయి. "నేను తట్టని కప్పు కింద మనిషిని నిలబెట్టలా. బాసు చెప్పినాడు, బాగుండాది దిగు అని. ఎవురు చెప్పినా నేను తట్టినాకే. నువ్వు రుద్దని బంగారాన్ని పెట్టెలో పెట్టవు. మన ఇద్దరి పనీ ఒకటే కదప్పా. ముట్టకుండా ఎట్లా తెలుస్తాది?"

కేశవా, నేను అక్కడే ఏడ్చాను. హనుమక్క చూస్తుందని కూడా ఆగలేదు.

తర్వాత ఆయన ఒరగల్లు చేతిలోకి తీసుకున్నాడు. రాళ్ళు పట్టుకున్న చేతులు కదా, బరువు చూశాడు, గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "మంచి రాయి" అన్నాడు. గీత చూపించాను. చూపు మందమే అయినా ఎండకు ఎత్తిపట్టి, తల అటూ ఇటూ వంచి చూశాడు. "ఇదేనా? ఇంత సన్నగా ఉంటాదా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, "నేనూ గీస్తాను" అన్నాడు.

ఎలా వద్దంటాను? నాణెం ఆయన వేళ్ళ మధ్య పెట్టాను. ఆయన నా గీత పక్కనే ఇంకో గీత గీశాడు. కొంచెం వంకర, కొంచెం లావు. గీసేసి, అది మెరవడం చూసి, "ఉండాది" అన్నాడు. అంతే. ఇరవై ఎనిమిదేళ్ళు కింద ఉన్నది ఉందో లేదో తెలియకుండానే తవ్విన మనిషి, ఉందని తనే చెప్పుకున్నాడు. ఆ 'ఉండాది' అన్న గొంతు నా చెవిటి చెవికి కూడా స్పష్టంగా వినబడింది.

"ఇది మన గనిదేనా?" అని అడిగాడు. రాయి వన్నె చెబుతుంది గాని ఊరు చెప్పదని చెప్పాను. సరేనన్నాడు.

నాణెం అక్కడే ఉంచుకొమ్మన్నాను, ఒప్పుకోలేదు. "సభలో ఇస్తామన్నారు కద, సభలోనే తీసుకుంటా. కేశవప్ప మాట పోకూడదు" అన్నాడు. లేచి వచ్చేటప్పుడు ఇంకో మాట అన్నాడు, అది నాకు అర్థం కాలేదు. "మీ స్నేహితుడు ఆ కిటికీకాడ ఉన్నాడు కదప్పా, అప్పుడు చిన్నవాడు" అన్నాడు. ఏ కిటికీ?

శ్రీకంఠయ్య

*

మారికుప్పం,
27 డిసెంబరు 2024

శ్రీకంఠూ,

నీ జాబు చదివి గడప మీద కూర్చుండిపోయాను. ఆయనకు గుర్తుందని నాకు తెలియదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా నాకొక్కడికే గుర్తుందనుకున్నాను.

అస్సే ఆఫీసుకు ఒక చిన్న కిటికీ ఉండేది, శాంపిళ్ళు తీసుకోవడానికి. ఎనభై ఆరులో ఒక పగటి షిఫ్టు దిగాక ఒకాయన వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఒళ్ళంతా బూడిద రంగు బురద. నేను అప్పుడే గిన్నెలోంచి బంగారు గింజ తీసి తరాజులో పెడుతున్నాను. ఆయన లోపలికి తొంగి చూసి, "ఒక్క తూరి చూపించప్పా, ఎట్లుంటాదో చూసి పోతాను" అన్నాడు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. కొత్తగా టై కట్టుకోవడం నేర్చుకున్నాను. "రూలు లేదు" అని కిటికీ మూసేశాను.

రూలు లేకపోవడం నిజమే. కాని గింజను చిమటాతో ఎత్తి అద్దం దగ్గర ఒక్క క్షణం పట్టుకుంటే ఎవరి సొమ్ము పోయేది? నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆయన పేరు అప్పుడు తెలియదు. ఏడేళ్ళ కిందట సంఘం వాళ్ళు ఫోటోలు తీస్తుంటే ముఖం చూసి గుర్తుపట్టాను. మూడు మీటింగుల పాటు నేను బల్ల గుద్దింది అందుకేరా. మచ్చ లేకుండా జరగాలన్నది కూడా అందుకే. ఒక రోజు కిటికీ మూసిన పాపానికి అద్దంలాంటి నాణెం ఇచ్చి చెయ్యి దులుపుకుందామనుకున్నాను. అదీ డబ్బీలో పెట్టి, సీలు వేసి, ముట్టుకోవద్దని చెప్పి. అంటే ఇంకో కిటికీ కట్టానన్న మాట.

నేను ఇవ్వాల్సింది నువ్వు ఇచ్చావు. నీ మీద కోపంతో రాసినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మెరుగు పట్టించమన్న ముక్క మాత్రం నువ్వు మరిచిపోయినా నేను మరవను.

ఇరవై ఆరున నువ్వు కూడా రావాలి. వేదిక మీద కూర్చోబెడతాను.

కేశవ

*

ముళబాగిలు,
20 జనవరి 2025

కేశవా,

నేను రాను. మైకు సెట్టు దగ్గర కూర్చుంటే చెవి మిషను కూత పెడుతుంది, నాలుగు రోజులు తల దిమ్ము పోదు. చేతన్ చేతికి నాణెం పంపుతున్నాను. సీలు లేదు, డబ్బీ మామూలుగా మూసి ఉంది. తుడవలేదు, రుద్దలేదు. ఒరగల్లు మీద నా గీత, ఆయన గీత, రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

తొడుగులు నాగరత్న ఇవ్వనంది. వాటికి మసి పట్టింది.

ఆయన ముందు ధైర్యంగా నిలబడు. ఆయన నిన్ను ఏమీ అనడు, నాకు తెలుసు. అనకపోవడమే నీకు కష్టంగా ఉంటుంది, అదీ తెలుసు.

శ్రీకంఠయ్య

*

మారికుప్పం,
28 జనవరి 2025

శ్రీకంఠూ,

రావాల్సింది రా నువ్వు.

జెండా ఎగరేశాక సభ. నాలుగు వందల మంది ఉంటారు. సంఘం అధ్యక్షుడు ఉపన్యాసంలో డెబ్బై అయిదేళ్ళ చరిత్ర చెప్పాడు, సంవత్సరానికి ఒక నిమిషం చొప్పున. దొడ్డమునియప్ప తెల్ల పంచె, మడత విప్పని కొత్త తువ్వాలు. హనుమక్క కుర్చీ వెనకే నిలబడింది. ఎక్కడ దగ్గు వస్తుందోనని ఆమె చెయ్యి ఆయన వీపు మీదే ఉంది.

నా వంతు వచ్చింది. ముందు మైకులో నాణెం సంగతి చెప్పాను. ఇది సీలు విప్పిన నాణెం, దీన్ని ఒకసారి ముళబాగిలు శ్రీకంఠయ్య, ఒకసారి దీని యజమాని గీసి చూశారు, ఇద్దరూ మంచిదన్నారు, అంతకంటే గొప్ప సర్టిఫికెట్టు నాకు తెలియదు అన్నాను. అధ్యక్షుడు ముఖం అదోలా పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత డబ్బీ ఆయన చేతిలో పెట్టాను. కిటికీ సంగతి కూడా చెప్పాలని రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. ఆయన కాళ్ళ దగ్గర వంగి, "అప్పా, ఆ రోజు..." అని మాత్రం అనగలిగాను.

ఆయన వినలేదో, విని విననట్టున్నాడో తెలియదు. డబ్బీ తెరవడానికి వేళ్ళు రాలేదు. హనుమక్క తెరిచి ఇచ్చింది. నాణెం తీసి అరచేతిలో వేసుకుని ఒకసారి బరువు చూసుకున్నాడు. ఖాళీ డబ్బీ హనుమక్కకు ఇచ్చి, "దీన్ని ఆ ముళబాగిలు అప్పకు పంపించు, పొడి పెట్టుకుంటాడు" అన్నాడు. నీ ముక్కుపొడి వాసన ఆయన మరిచిపోలేదన్న మాట. డబ్బీ ఈ జాబుతోనే వస్తుంది.

అప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని తిప్పాడు. అరచేయి పైకి వచ్చేలా తిప్పి, అందులో నాణెం పెట్టాడు. నాలుగు వందల మంది చూస్తున్నారు. నా వేళ్ళు మూసుకోబోతే, తన వేళ్ళతో వాటిని విప్పి పట్టుకున్నాడు.

"చూడప్పా" అన్నాడు. "నింపాదిగా చూడు. ఈడ కిటికీ లేదు."

నీ
కేశవ